లోపలి కాపురం

"కాస్త ఆ కిటికీ తెరువు," అన్నాడు భర్త, అటు తిరిగి పడుకుంటూ.

ఆదివారం మధ్యాహ్నం. బయట చలిగాలి. అయినా ఆమె లేచి తెరిచింది. వాసన అన్న మాట అతని నోట రాలేదు. రాదు కూడా. ఒకరిని నొప్పించే మాట అనడని అతనికి పేరు. పెద్ద హోటల్లో, లోపలికి రాగానే కనిపించే బల్ల వెనక నల్లకోటు వేసుకుని నిలబడే మేనేజరు. గది బాగాలేదని గొంతు చించుకునే పెద్దమనుషులకు "తప్పకుండా సార్, ఇప్పుడే చూస్తాం సార్" అని చెప్పి, నవ్వుతూ మళ్లీ అదే గదికి పంపగల ఘనుడు. పెళ్లయిన కొత్తలో చుట్టాలందరూ ఆమెతో ఒకటే మాట: "నీ మొగుడు బంగారం. గట్టిగా ఒక్క మాటైనా అనడు." నిజమే, అనలేదు. కిటికీ తెరవమన్నాడు, అంతే. మిగతాది ఆమే అర్థం చేసుకుంది. అర్థం చేసుకోవడం ఆ ఇంట్లో మొదట్నుంచీ ఆమె వంతే.

మర్నాటి నుంచి కడుక్కోవడం మొదలుపెట్టింది.

కడగడం ఆమెకు కొత్తేమీ కాదు, అదే ఆమె బతుకుతెరువు. ఊళ్లో పేరున్న లాండ్రీలో మరకలు తీసే పని. ఏ మరక దేనిదో చూడగానే చెప్పేస్తుంది. కాఫీది వేరు, తుప్పుది వేరు, నెత్తురుది వేరు. నెత్తురు మీద వేడినీళ్లు పోస్తే ఇక బట్ట చిరిగినా అది పోదు, చన్నీళ్లే పోయాలి. అక్కడ అందరూ ఆమెను మరకలమ్మ అంటారు. ఆ మాటలో వెక్కిరింపు కొంత, మర్యాద కొంత. ఇలాంటి మనిషి తన ఒంటికి మరక అంటిందనుకుంటే ఊరుకుంటుందా? అత్తగారు కూడా ఎప్పుడు కనిపెట్టారో ఏమో, స్నానాల గదిలో ఒక సీసా పెట్టి, "అమ్మాయ్, అది వాడు. గాయాలకీ, గచ్చుకీ అన్నిటికీ పనికొస్తుంది. ఆడవాళ్లన్నాక శుభ్రంగా ఉండాలి" అన్నారు. గచ్చుకు పనికొచ్చేది తనకూ పనికొస్తుందనుకుంది. ఒక మూత నీళ్లలో కలుపుకుంది. వాసన పోలేదనిపించి రెండు మూతలు. పొద్దున ఒకసారి, పని నుంచి వచ్చాక ఒకసారి. మంట పుట్టేది. మంట పుడితే పని చేస్తోందనుకుంది. లాండ్రీలో గట్టి మరకల మందు చేతులకు తగిలితే అలాగే మండుతుంది, మండిన కాసేపటికి మరక కరుగుతుంది. ఆ లెక్కన ఇక్కడా కరగాలి కదా. కరగలేదు. కడిగేకొద్దీ ఎక్కువైంది, ఎక్కువయ్యేకొద్దీ కడిగింది.

మొదటి కడుపు నిలవలేదు. ఇంకా ఎవరికీ చెప్పకముందే పోయింది. "పోనీలే, ఇంకా రూపమైనా రాలేదు కదా," అన్నారు అత్తగారు ఓదార్పుగా. భర్త ఆమె భుజం తట్టి హోటలుకు వెళ్లాడు. ఆ రోజు లాండ్రీలో ఎవరి పెళ్లిబట్టల మీదో ద్రాక్షరసం మరక పడితే, తీసేసరికి సాయంత్రమైంది. నడుం లాగేస్తోందని ఎవరితోనూ అనలేదు. అనడానికి అదేమైనా జబ్బా?

డాక్టరమ్మ దగ్గరకు వెళ్లింది పోయిన కడుపు గురించి కాదు, ఇక ముందు వచ్చేదాని గురించి. భర్తా వచ్చాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నకే ఆమె తలదించుకోవలసి వచ్చింది.

"లోపల దేంతోనైనా కడుక్కుంటున్నారా?"

సీసా పేరు చెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"అయ్యో. చూడండమ్మా, ఆడవాళ్ల లోపల సూక్ష్మజీవులు కాపురముంటాయి. పురుగులనుకుని భయపడకండి. మంచివి. అక్కడ కొంచెం పుల్లదనం ఉండేలా చూసుకుంటాయి, ఆ పులుపు ఉన్నంతకాలం చెడ్డవి అంత సులువుగా చేరలేవు. మీరు మందుపోసి కడిగి కడిగి ఇంటివాళ్లని వెళ్లగొట్టారు. ఖాళీ ఇంట్లోకి దొంగలు దూరారు. వాసన వాళ్లదే."

"మరి శుభ్రం..."

"మీ ఒళ్లు దాని శుభ్రం అది చూసుకుంటుంది. పైపైన నీళ్లు చాలు. ఇక ఆ సీసా గచ్చుకే."

ఆమెకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. తనకు తెలియకుండా తన లోపల ఎవరో కాపురముండి, ఇల్లు చక్కబెట్టుకుని, కాపలా కాస్తూ ఉన్నారట. ఒకరు అడిగింది లేదు, ఒకరు మెచ్చుకున్నదీ లేదు. వాళ్లను తనే చంపుకుంది, అదీ రోజుకు రెండుసార్లు. పుట్టినప్పటినుంచీ ఒంటి గురించి ఆమెకు చెప్పినవాళ్లందరూ దాచుకోమనీ, కడుక్కోమనీ, ఎవరికంటా పడనివ్వొద్దనీ చెప్పారు. అందులో మంచి ఏదైనా ఉంటుందని చెప్పింది ఈవిడే మొదలు.

డాక్టరమ్మ ఇంకా చెప్పింది. ఇది ఉన్న ఆడవాళ్లందరికీ కడుపు పోదు. కానీ కొందరికి పోతుంది, కొందరికి నెలలు నిండకముందే ఉమ్మనీరు పోతుంది, అందుకే ముందే సరిచేసుకోవడం మంచిది. మందు వాడితే తగ్గుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడం దీని అలవాటు. ఆ చెడ్డవి మగవాళ్ల ఒంటిమీద కూడా ఉండిపోతాయని, భార్యకొక్కదానికే మందిస్తే మళ్లీ అటునుంచి ఇటు వస్తాయని ఈ మధ్య బాగా తేలింది. అందుకని ఇద్దరూ వారం పాటు మాత్రలు వేసుకోవాలి. ఆయన మాత్రలతో పాటు పూత మందు కూడా రాసుకోవాలి. "తప్పు ఎవరిదని కాదండీ," అంది డాక్టరమ్మ అతని వైపు తిరిగి. "ఇద్దరి మధ్యా తిరిగేదానికి ఇద్దరూ మందు వాడాలి, అంతే. వాడతారు కదా?"

"తప్పకుండా మేడమ్," అన్నాడు భర్త నవ్వుతూ.

ఆ వారమంతా పొద్దున్నే కాఫీ, మంచినీళ్లు, మాత్ర ఒక పళ్లెంలో పెట్టి ఆమే ఇచ్చింది. అతను కోటు తొడుక్కుంటూ మాత్ర అందుకుని, తల వెనక్కి ఎగరేసి, గుటకలు వేసి గ్లాసు ఖాళీ చేసేవాడు. సాయంత్రం వచ్చీ రాగానే, కోటు విప్పకముందే మళ్లీ అలాగే. పూతమందు సంగతి అడగడానికి ఆమెకు మొహమాటం. తన మాత్ర ఆమె వంటింట్లో నిలబడి వేసుకునేది. నోరంతా ఇనుము నమిలినట్టుండేది. అన్నం సయించేది కాదు. అతనికలా ఏమీ అనిపించినట్టు లేదు. మగవాళ్ల నాలుక వేరేమో అనుకుంది. సీసా గచ్చు కడిగే బకెట్టు పక్కకు చేరింది. వాసన పోయింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. డాక్టరమ్మ దగ్గరకు మళ్లీ వెళ్దామనుకునేంతలో నెల తప్పింది.

"ఇక ఇప్పుడు మందులేంటి, కడుపుతో ఉన్నదానివి," అన్నారు అత్తగారు. ఆమెకూ అదే సబబనిపించింది.

అయిదో నెల దాటాక ఒక మధ్యాహ్నం, మరకల బల్ల దగ్గర నిలబడి ఉండగానే కాళ్ల వెంట వెచ్చగా నీళ్లు కారాయి. బల్ల మీది గిన్నె ఒలికిందనుకుని వంగి గుడ్డతో తుడవబోయింది. తుడుస్తుంటే తెలిసింది. ఇస్త్రీ అక్క పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. లాండ్రీలో ఆవిరిపెట్టెతో ఇస్త్రీ చేసే ఆవిడ, నోరు ఎంత పెద్దదో మనసూ అంతే. ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆవిడే. భర్త వచ్చేసరికి అంతా అయిపోయింది. "బిడ్డని ఒకసారి చూసుకుంటుందా అండీ?" అని నర్సు తలుపు దగ్గర అతన్ని అడగడం ఆమెకు వినిపించింది. "వద్దులెండి, బాధపడుతుంది," అన్నాడతను మెత్తగా. అది తన గురించే అడుగుతున్నారని ఆమెకు తట్టేసరికి నర్సు వెళ్లిపోయింది.

ఆ తరవాత ఏమీ అనిపించలేదు. ఏడుస్తుందని అందరూ కాచుక్కూర్చున్నారు, ఏడవలేదు. రాయిలా ఉందేమిటని ఒకరంటే, మంచిదేలే, తేరుకుందని ఇంకొకరన్నారు. ఆకలి వేస్తే తింది, పిలిస్తే పలికింది. చేతుల మీద నీళ్లు పడితే అవి వేడివో చల్లనివో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. పనిలోకి వెళ్లిన మొదటిరోజు ఎవరో కస్టమరు చంకన పసిపిల్లతో కౌంటరు దగ్గరకు వచ్చి, పిల్ల కేరుమంటే, ఆమె చొక్కా ముందు భాగం రెండుచోట్ల తడిసింది. పాలొస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె వెనక గదిలోకి వెళ్లి, చొక్కా విప్పి, చన్నీళ్లలో జాడించింది. పాల మరకకూ చన్నీళ్లే. ఇస్త్రీ అక్క వెనకాలే వచ్చి చొక్కా తీసుకుని, ఆవిరి పట్టి ఆరబెట్టి, తెచ్చి తొడిగింది. "ఏడువు పిల్లా, ఒక్కసారి ఏడువు," అంది. "రావట్లేదక్కా," అంది ఆమె. నిజంగానే రావట్లేదు.

ఇంట్లో మాత్రం ఎవరి తీర్పు వాళ్లిచ్చేశారు. "రోజంతా నిలబడే ఉద్యోగం వద్దని చెప్తే విన్నావా," అన్నారు అత్తగారు. "ఆ సీసాలూ అవీ ముందు వాడింది కదా, దాని దోషం ఇంకా ఉండిపోయిందేమో," అన్నాడు భర్త. ఆ సీసా ఎవరు తెచ్చిపెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆమెకు గుర్తుంది కానీ, అనడానికి కావలసిన ఓపిక లేదు. అవునేమో, తన వల్లే అయ్యుంటుంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ చేసినా పోయిందంటే లోపం తనలోనే ఎక్కడో ఉండాలి. అతనూ పాపం వారం పాటు మాత్రలు మింగాడు, ఒక్క పూటైనా విసుక్కోలేదు. అది తలుచుకుంటే అతని ముఖం చూడటానికే సిగ్గేసేది. వాసన ఇంకా పోలేదు. దురద, మంట. ఎవరికి చెబుతుంది? "వచ్చేవారం డాక్టరమ్మ దగ్గరికెళ్లి మళ్లీ మొదలుపెడదాం," అన్నాడు భర్త. ఇంటికి సున్నం వేయించే సంగతి మాట్లాడినట్టు అన్నాడు. ఆమె ఊఁ అంది.

ఆ వారంలోనే, ఏడాదికోసారి ఉతికించే అతని నల్లకోటు లాండ్రీకి వచ్చింది. పనివాళ్ల ఇంటి బట్టలు ఊరికే ఉతికిపెడతారు కాబట్టి ఆమే చేతిమీద వేసుకుని తీసుకెళ్లింది. కోట్లు ఉతికే ముందు జేబులు వెతకడం, తరవాత అంచులు తడమడం అక్కడి పద్ధతి. లోపలి జేబుకు చిల్లుపడితే అందులో వేసినవన్నీ అస్తరులోకి జారిపోయి కింద అంచులో చేరతాయి. నాణేలు, ఉంగరాలు, సినిమా టిక్కెట్లు. ఒకసారి ఒక పెద్దమనిషి కోటు అంచులో పెట్టుడుపన్ను దొరికితే ఇస్త్రీ అక్క వారం రోజులు దాన్ని చెప్పుకుని నవ్వింది. అంచు విప్పడం, దొరికింది తీయడం, మళ్లీ కుట్టడం మరకలమ్మ పనే.

భర్త కోటు అంచు తడిమింది. ఎడమవైపు, లోపలి జేబుకు సరిగ్గా కింద, ధనియాలు పోసినట్టు ఏవో గట్టిగా తగిలాయి. బొత్తాలనుకుంది. దారం కత్తిరించి అంచు తిరగేస్తే మాత్రలు రాలాయి. తెల్లనివి, మధ్యలో గీత ఉన్నవి. కొన్ని అరిగి పిండయ్యాయి, కొన్ని అలాగే ఉన్నాయి. ఇంచుమించు గుప్పెడు.

మొదట అర్థం కాలేదు. తరవాత వేలితో ఒకదాన్ని తిప్పి చూసింది. తనూ అవే మింగింది కాబట్టి పోల్చుకోవడం కష్టం కాలేదు. తల వెనక్కి ఎగరేయడం, గుటకలు, ఖాళీ గ్లాసు. అరచేతిలోది కోటు లోపలికి జారవిడిచి, బయటికెళ్లాక పారేద్దామనుకుని ఉంటాడు. తీరా చూస్తే జేబులో ఉండేది కాదు. ఎక్కడ పడిందో అని వెతికినట్టు కూడా లేదు. అతని దృష్టిలో అవి పోవలసినవే, పోయాయి.

కోపం రావాలి కదా అని కాసేపు అలాగే నిలబడి చూసింది. రాలేదు. మాత్రలు ఒక చిన్న కవరులో పోసింది, అంచు కుట్టింది, కోటు ఉతకడానికి వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. "ఏం దొరికింది?" అని అడిగింది ఇస్త్రీ అక్క అటునుంచి. "మాత్రలు." "ఎవరివి?" "మా ఆయనవి." "ఏమిటి రోగం?" అంది అక్క నవ్వుతూ. ఆవిరిపెట్టె కింద పెట్టి వచ్చి, ఆమె ముఖం చూసి, మరి నవ్వలేదు.

సాయంత్రం భోజనాల బల్ల మీద, అతని కంచం పక్కన కవరు పెట్టింది. అత్తగారు అక్కడే కూర్చుని ఉన్నారు. అతను కవరు చూశాడు, ఆమెను చూశాడు. గది బాగాలేదన్న కస్టమరును చూసినట్టే చూశాడు.

"అవా," అన్నాడు. "కోటులోనే ఉన్నాయా!"

"వేసుకోలేదా?"

"అంటే... నాకేం లేదు కదా. ఊరికే మందులు మింగడం ఎందుకని. ఆ పూతమందొకటి, అది మరీ అసహ్యం."

"వేసుకోనని చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు బాధపడేదానివి," అన్నాడు. అతను అబద్ధమాడటం లేదని ఆమెకు తెలిసింది. నిజంగానే తనను బాధపెట్టకుండా చూసుకున్నానని అతని నమ్మకం. "పోనీ, ఈసారి వేసుకుంటాలే. సరేనా?"

అత్తగారు కలుగజేసుకున్నారు. "వాణ్నెందుకమ్మా అంటావు, వద్దన్నది నేనే. ఆడదాని జబ్బుకి మగాడు మాత్రలేయడం ఎక్కడైనా ఉందా? వాడికేదైనా అయితే? రోజూ బయటికెళ్లి సంపాదించుకొచ్చేవాడు."

తనూ రోజూ బయటికెళుతున్న సంగతి ఆమె గుర్తుచేయలేదు. ఇంట్లో ఇద్దరికీ తెలుసన్నమాట. ఆమె పళ్లెంలో మాత్ర పెట్టి ఇచ్చినప్పుడల్లా ఈవిడ ఈ కుర్చీలోనే కూర్చుని కాఫీ తాగుతూ చూసేవారు. కడుపు పోయిందని పడుకున్నప్పుడు మంచం పక్కన కూర్చుని, ఉద్యోగం వద్దని చెప్తే విన్నావా అన్నదీ ఈవిడే. పక్కన నిలబడి, సీసా దోషమేమోనన్నది ఇతనే. మాత్రలు వేసుకుని ఉంటే బిడ్డ బతికేదా? ఏమో, డాక్టరమ్మ కూడా ఖాయంగా చెప్పలేదు. అది ఎప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఇన్నాళ్లూ తను ఒక్కతే కాపురం చేసిందని.

కంచాలు తీసింది, బల్ల తుడిచింది. పుట్టేవాళ్ల కోసమని ఖాళీ చేసి ఉంచిన చిన్నగదిలోకి తన పరుపు తెచ్చుకుంది. "అలిగావా?" అని గుమ్మంలోంచి అడిగాడు భర్త. "లేదు," అంది. అలగలేదు. అలిగితే ఎవరో వచ్చి బతిమాలాలి, ఆమెకు అలాంటి ఆశ ఏదీ లేదు.

వారం తిరిగాక డాక్టరమ్మ గదిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అదే నల్లకోటు, ఇస్త్రీ మడత చెదరలేదు. డాక్టరమ్మ పరీక్షించి వచ్చి చేతులు తుడుచుకుంటూ, మళ్లీ తిరగబెట్టిందని చెప్పింది.

"ముందే వచ్చుంటే బాగుండేది. పోయినసారి ఇద్దరూ వారమంతా పూర్తిగా వాడారు కదా?"

"తప్పకుండా మేడమ్," అన్నాడు భర్త.

అలవాటైన మాట కాబట్టి వచ్చేసినట్టుంది. ఆమె తల తిప్పి అతన్ని చూసింది. ఆ మాట ఇంత తేలిగ్గా రావడం చూస్తే, ఇన్నాళ్లకు ఒళ్లు ఝల్లుమంది. మొద్దుబారిన కాలికి నెత్తురు పాకినప్పుడు పొడిచినట్టు, ఒళ్లంతా పొడిచింది. కోపమే అది. ఆలస్యంగా వచ్చినా సరిగ్గానే వచ్చింది.

"నేను వాడాను," అంది ఆమె. "ఆయన ఒక్కటీ వేసుకోలేదు. వేసుకున్నట్టు నాకు చూపించారు."

అతని నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, ఎటు పోవాలో తెలియనట్టు. డాక్టరమ్మ ఒకరి తరవాత ఒకరిని చూసింది.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అని భర్తకు ఆమే చెప్పింది. పెళ్లయ్యాక ఆమె అతనికి ఏదైనా పని చెప్పడం అదే మొదటిసారి. అతను లేచాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఇలాంటి మగవాళ్లు చాలామందమ్మా. ఈసారి నేనే పిలిచి గట్టిగా చెప్తాను. ఆయన కూడా వాడితేనే ఇది తిరగబెట్టకుండా ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క వారం ఓపిక పట్టమందాం. బిడ్డ కోసమైనా వింటారు. తగ్గిన రెండు మూడు నెలలకి మళ్లీ ప్రయత్నించొచ్చు."

"పిల్లలు రాకుండా ఏదైనా ఉంటే ఇవ్వండి మేడమ్."

డాక్టరమ్మ కలం ఆపింది. "ఎన్నాళ్లకి?"

"తెలీదు."

"మీ వారికి తెలుసా?"

"వేరే గదిలో పడుకుంటున్నాను."

బయట బల్లమీద అతను ఎవరికో దారి చెబుతున్నాడు, మర్యాదగా, నెమ్మదిగా.

"సరే," అంది డాక్టరమ్మ. "అది మీ ఇష్టం, ఏవేం ఉన్నాయో చెప్తాను. మరి ఇన్ఫెక్షన్ మందు ఇప్పుడొద్దా? బిడ్డ ఆలోచన వచ్చినప్పుడు మొదలుపెడదామా?"

"ఇప్పుడే ఇవ్వండి," అంది ఆమె. ఆస్పత్రిలో రాని ఏడుపు, చొక్కా తడిసినప్పుడు రాని ఏడుపు, డాక్టరమ్మ బల్ల ముందు వచ్చేసింది. చేత్తో తుడుచుకోలేదు. "బిడ్డ కోసం కాదు మేడమ్. నాకు తగ్గాలి."